చేప మింగని చెల్లెలు

నా సైకిలు దుకాణంలో పంక్చరు వేయించుకున్నవాళ్ళకి ఒక కథ ఉచితం. ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగలు ఎక్కడినుంచి వస్తున్నాయో పట్టుకుని, అక్కడ గరుకు కాగితంతో గీకి, జిగురు రాసి, ఆరేదాకా ఆగాలి. ఆగే ఆ పది నిమిషాలూ వచ్చినవాడు ఏం చేస్తాడు? గోడ చూస్తాడు, గడియారం చూస్తాడు, ఆఖరికి నన్ను చూసి విసుక్కుంటాడు. ఆ విసుగు రాకముందే నేను నోరు తెరిచేవాణ్ణి. తెరిచిన నోరు యాభై ఏళ్ళుగా మూయలేదు. వీధిలో నన్ను కోతల తాత అంటారు. నాకు కోపం రాదు. ఎవరైనా కొత్తవాళ్ళు ఆ మాట తెలియక "పెద్దాయనా" అంటే మాత్రం కొంచెం చిన్నబుచ్చుకుంటాను.

నా సరుకులో మూడు కథలకి గిరాకీ ఎక్కువ. మా నాన్న రైలుతో పరుగు పందెం కాసి, ఇంజను కంటే రెండడుగులు ముందు స్టేషనుకి చేరి, గెలిచిన ఆనందం పట్టలేక అక్కడికక్కడే ప్రాణం వదిలాడన్నది ఒకటి. నేను పదహారేళ్ళప్పుడు ఏటి అడుగుకి దిగి, ఇసుక మీద ఒక కునుకు తీసి, తలకింద పెట్టుకున్న తాబేలుకి థాంక్స్ చెప్పి పైకొచ్చానన్నది రెండోది. మూడోది, మా చెల్లెల్ని చేప మింగడం. మొదట్లో ఆ చేప తలుపంత ఉండేది. నా పెళ్ళయ్యేసరికి పడవంత అయింది. మనవరాలు పుట్టాక బస్సంత అయి, దానికి మీసాలు కూడా మొలిచాయి.

ఆ మీసాలు అడిగి పెట్టించింది మా మనవరాలే. నా కూతురి కూతురు, పద్నాలుగేళ్ళది. ఈత కొలనులో దిగితే పైకి రాదు కాబట్టి దాన్ని కప్ప అని పిలుస్తాను. అది కూడా "బెక బెక" అంటూనే పలుకుతుంది. చేప కథ ఎన్నోసారి విన్నా, చేప తోక కొట్టే చోటికి వచ్చేసరికి కడుపు పట్టుకుని నవ్వేది.

కొన్ని నెలల కిందట కప్ప కొలనులో సాధన చేస్తూ చేస్తూ సగం దూరంలో ఆగిపోయింది. ముఖం నీళ్ళలోనే ఉంది. కోచ్ బూట్లతో సహా దూకి బయటికి లాగాడు. రెండు నిమిషాల్లో కళ్ళు తెరిచి, "నా టైము ఎంత?" అని అడిగిందట. ఆసుపత్రిలో ఈసీజీ తీశారు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. రక్తం తీసి జన్యు పరీక్షకి పంపారు. ఆ ఫలితం వచ్చిన రోజు కప్పనీ, దాని తల్లినీ, తల్లివైపు పెద్దవాణ్ణని నన్నూ రమ్మన్నారు.

మొదటి అంతస్తులో చివరి గది. బల్ల మీద ఒక పెద్ద కాగితం, స్కేలు, పెన్సిలు, రబ్బరు. కిటికీలోంచి కింద సైకిళ్ళ స్టాండు కనిపిస్తోంది. చివరి సైకిలు వెనక చక్రంలో గాలి లేదు. గుండె డాక్టర్లంటే నాకు బెరుకు గానీ, ఈవిడ చేతిలో సూదీ లేదు, మెడలో గొట్టమూ లేదు. మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి సున్నా, చనిపోయినవాళ్ళకి దానిమీద అడ్డగీత గీస్తూ మా ఇంటి వంశవృక్షం మొదలుపెట్టింది. లోపల్లోపల నేను ఆవిడకి గళ్ళ డాక్టరమ్మ అని పేరు పెట్టేసుకున్నాను.

"మీరేం పని చేసేవారు తాతగారూ?"

"చేసేవాణ్ణి కాదమ్మా, ఇంకా చేస్తున్నాను. సైకిళ్ళు బాగుచేస్తాను."

"అయితే మీకు సులువుగా అర్థమవుతుంది. ఒక చాలా పొడవైన ట్యూబు అనుకోండి. దానిమీద వరసగా మూడు వందల కోట్ల అక్షరాలు. రకాలు మాత్రం నాలుగే. మళ్ళీ మళ్ళీ అవే. దాన్ని మేం జీనోమ్ అంటాం. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ అది రెండు ప్రతులుగా ఉంటుంది. అమ్మ ఇచ్చింది ఒకటి, నాన్న ఇచ్చింది ఒకటి."

"అంత ట్యూబు ఏ తొట్టిలో ముంచుతారమ్మా?"

ఆవిడ నవ్వింది. "యంత్రాలున్నాయి. ముంచడం ఇప్పుడు కష్టం కాదు. బుడగలతోనే కష్టం. ఎవరి ట్యూబు ముంచినా నలభై లక్షల చోట్లకి పైనే అక్షరం తేడాగా కనిపిస్తుంది."

"అన్ని పంక్చర్లుంటే బండి ఎలా నడుస్తోంది?"

"వాటిలో దాదాపు ఏవీ పంక్చర్లు కావు. మీ ముక్కు ఒకలా, నా ముక్కు ఇంకోలా ఉండటానికి కొన్ని. దేనికీ పనికిరాకుండా ఊరికే ఉన్నవి చాలా. అసలు పంక్చరు ఏదో, ఊరికే ఉన్న మచ్చ ఏదో తేల్చడమే మా పని."

తర్వాత కప్ప వైపు తిరిగి, చిన్నపిల్లతో చెప్పినట్టు కాకుండా పెద్దమనిషితో చెప్పినట్టు చెప్పింది. గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్ళీ కొట్టుకోవడానికి సిద్ధం కావాలట. అందుకు గుండె కణాల్లో సన్నసన్నటి తలుపులు తెరుచుకుని లోపలి పొటాషియం బయటికి పోవాలట. ఆ తలుపు ఎలా చేయాలో చెప్పే జన్యువులో కప్పకి ఒక్క అక్షరం మారింది. తలుపు బిగుతుగా తయారైతే గుండె సిద్ధం కావడం ఆలస్యమవుతుంది. కూర్చున్నప్పుడు ఏమీ తెలియదు. పరిగెత్తినప్పుడు, ముఖ్యంగా ఈదినప్పుడు తడబడుతుంది. తడబడితే స్పృహ పోతుంది. ఒక్కోసారి ప్రాణం పోతుంది.

"అయితే ఆ అక్షరమే దొంగా?" అంది మా అమ్మాయి.

"అదే తెలియదమ్మా. ఈ తేడా ఇంతవరకూ ఎక్కడా ఎవరిలోనూ చూడలేదు. పిల్లకి స్పృహ తప్పింది సరే, అది అలసట వల్ల కూడా కావచ్చు. అందుకే ఇంట్లోవాళ్ళని అడుగుతాం. ఈ అక్షరం తండ్రి రక్తంలో లేదు. మీది ఇవాళ పరీక్షకి పంపుతున్నాం. మీ వైపు చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్ళు, స్పృహ తప్పినవాళ్ళు ఉంటే దీనిమీద అనుమానం గట్టిపడుతుంది. ఎవరూ లేకపోతే తగ్గుతుంది. సోమవారం మా డాక్టర్లందరం కూర్చుని తేలుస్తాం. అంతవరకూ నీళ్ళలోకి వద్దు."

"ఇరవయ్యో తారీఖున నాకు పోటీ ఉంది," అంది కప్ప.

"గుర్తుంది. అందుకే సోమవారమే తేలుద్దాం అంటున్నాను." డాక్టరమ్మ పెన్సిలు పదును చేసుకుని నా వైపు చూసింది. "మీరు చెప్పింది మీ ఒక్కరికే కాదు తాతగారూ, ఇంకెందరికో పనికొస్తుంది. పేర్లు లేకుండా ఒక ఉమ్మడి పట్టికలో రాస్తాం. రేపు ఇంకో దేశంలో ఇంకో పిల్లకి ఇదే అక్షరం కనబడితే, అక్కడి డాక్టరు ముందు మనం రాసిందే చదువుతాడు. చెప్పండి. మీ నాన్నగారు ఎలా పోయారు?"

"రైలు ప్రమాదమమ్మా." ఆసుపత్రి కదా అని పందెం తీసేశాను.

"తోబుట్టువులు?"

కప్ప మోచేత్తో నన్ను పొడిచింది. "తాతా, చేప! చేప!"

"చెల్లెలు ఉండేదమ్మా. పదకొండేళ్ళప్పుడు ఏట్లో పెద్ద చేప లాగేసింది."

పెన్సిలు ఆగింది. "నీళ్ళలోనా? ఈదుతూ ఉందా?"

ఒక్కమాట. "అవును" అంటే సరిపోయేది. ఆ అవునుకి వెనక ఇంకా చాలా ఉంది, అదంతా దాంతోపాటు బయటికొస్తుందని భయమేసింది. నా నోరు నన్ను అడగకుండానే పనిలోకి దిగింది.

"ఈతెక్కడమ్మా, దానికి నీళ్ళంటేనే భయం. ఒడ్డున కూర్చుని బట్టలు ఉతుకుతుంటే లాగేసింది."

ఆవిడ సున్నా గీసి, అడ్డగీత కొట్టి, పక్కన సన్నటి అక్షరాల్లో 'ప్రమాదం. ఈత కాదు' అని రాసింది. నేను చూస్తూనే ఉన్నాను.

"మీకెప్పుడైనా స్పృహ తప్పిందా?"

"మా ఆవిణ్ణి మొదటిసారి చూసినప్పుడు తప్ప ఎప్పుడూ లేదమ్మా."

ముగ్గురూ నవ్వారు. మా అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. దార్లో కప్ప చెయ్యి పట్టుకుని, "చూశావా, నా చేప ఇక టికెట్టు లేకుండా దేశాలు తిరుగుతుంది" అని కూడా అన్నాను. ఆ మాట ఇవాళ రాస్తుంటే ఎవరైనా భుజం మీంచి చదువుతున్నారేమోనని వెనక్కి చూసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే తపాలా ఆయన సైకిలు తోసుకుంటూ వచ్చాడు. ముందు చక్రం. రాత్రంతా గాలి పోతోందట, కన్నం కనబడటం లేదట. ట్యూబు ముంచాను. ఒక్క బుడగా లేదు. తిప్పి ముంచాను, లేదు. ఇలాంటివాటిని రెండు చేతులా సాగదీసి నీళ్ళలో పట్టుకోవాలి. తపాలా ఆయన స్టూలు మీద సర్దుకుని కూర్చుని, "ఇంకేం, ఆ చేపని వదులు కోతల తాతా" అన్నాడు.

సాగదీశాను. సన్నగా, దారంలా, మూడు బుడగలు పైకొచ్చాయి.

మా చెల్లెలు నీళ్ళలో ముఖం పెట్టి ఆగిపోయినప్పుడు కూడా అలాగే వచ్చాయి.

దానికి ఈత వచ్చు. నాకంటే బాగా వచ్చు. అంతకు ముందు రెండుసార్లు, ఒకసారి బడి పరుగు పందెంలో, ఒకసారి కుక్క తరిమినప్పుడు, కళ్ళు తేలేసి పడిపోయి నిమిషంలో లేచింది. ఓడిపోతానని తెలిసి పడిందని నేనన్నాను. నాటకాల రాణి అని పేరు పెట్టాను. పేర్లు పెట్టడంలో నాది అప్పటినుంచే మంచి చెయ్యి. వారం తిరక్కుండా బళ్ళో అందరూ అదే పేరుతో పిలిచారు. అది మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ రోజు ఇంకో నలుగురు పిల్లలతో కలిసి ఏటి మధ్య బండదాకా పందెం. నేను వెనకబడి నడుంలోతు నీళ్ళలో నిలబడ్డాను. అది ముందుకెళ్ళి, బండకి నాలుగు బారల దూరంలో ఆగిపోయింది. "చూడండి, రాణీగారు నాటకం మొదలెట్టారు!" అని నేను చప్పట్లు కొట్టాను. నన్ను చూసి మిగతా నలుగురూ కొట్టారు. ఎంతసేపు కొట్టామో నాకు తెలియదు. నా బతుకులో నేను పెంచి చెప్పనిదీ, తగ్గించి చెప్పనిదీ ఆ ఒక్క లెక్కే. ఎవరికీ చెప్పనే లేదు కాబట్టి.

అమ్మ దగ్గరికి పరిగెత్తి చేప లాగేసిందన్నాను. సాయంత్రానికి చెల్లెలు దొరికింది. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. అయినా చేప గురించి నన్ను ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేదు. పదిహేనేళ్ళవాణ్ణి చూసి జాలిపడ్డారనుకుంటాను. ఆ మరుసటి ఏడు అదే ఏట్లో నాకూ కళ్ళు చీకట్లు కమ్మి మునిగిపోతే పడవవాడు జుట్టు పట్టి లాగాడు. అది కునుకు కథ అయింది. నాన్న నా తొమ్మిదో ఏట బస్సు వెనక పరిగెత్తి, మెట్టు అందకముందే కూలిపోయాడు. అది రైలు పందెం అయింది. ఒకే ట్యూబు మీద మూడు చోట్ల బుడగ వచ్చింది. మూడింటి మీదా నేనే అతుకులు వేశాను, ఒక్కసారి కూడా ముంచి చూడకుండా.

"ఏంటి తాతా, చేప నీ నాలుక కూడా మింగిందా?" అన్నాడు తపాలా ఆయన.

ట్యూబు తీసి ఆయన చేతిలో పెట్టాను. "ఇవాళ నడిచి పంచు బాబూ" అని దుకాణం మూసేశాను. ఆయన ఇప్పటికీ ఆ మాట పదిమందికీ చెప్పుకుని నవ్వుతాడు.

నేరుగా ఆసుపత్రికి వెళ్ళి, గళ్ళ డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. చప్పట్ల దాకా వచ్చేసరికి బల్ల అంచు చూస్తూ చెప్పాను. అయ్యాక ఆవిడ కాగితం తీసి 'ప్రమాదం. ఈత కాదు' అన్నదాన్ని రబ్బరుతో చెరిపింది. ఆ పొట్టు చేత్తో ఊడ్చి బుట్టలో వేసింది.

"బట్టలు ఉతుకుతోందని ఎందుకు చెప్పారు?"

"సిగ్గేసిందమ్మా."

"అప్పుడా, ఇప్పుడా?"

"అప్పుడు మొదలైంది. ఇంకా అవలేదు."

నాకూ రక్తం తీశారు. నన్ను ఒక కదలని సైకిలు ఎక్కించి, ఛాతీకి తీగలు అంటించి తొక్కమన్నారు. దానికి గొలుసు వదులైంది, చెప్పాను కూడా. తొక్కడం ఆపి కూర్చున్నాక వచ్చిన గీతని ఆవిడ స్కేలుతో రెండుసార్లు కొలిచింది. గుండె సిద్ధం కావడానికి పట్టాల్సినదానికంటే ఎక్కువసేపు పడుతోందట. నేను డెబ్భై మూడేళ్ళు ఎలా బతికానని అడిగాను. ఒకే అక్షరం ఉన్నా అందరికీ ఒకేలా జరగదు, కొందరికి జీవితమంతా ఏమీ కాదు, ఎందుకో పూర్తిగా మాకూ తెలియదు అంది. తెలియదు అన్నమాట అంత తేలిగ్గా అనేవాళ్ళని నేను అంతకు ముందు చూడలేదు.

"అమ్మా, ఒకటి అడుగుతాను. నేను చప్పట్లు కొట్టకుండా వెంటనే ఈదుకుంటూ వెళ్ళి ఉంటే?"

"తెలియదు తాతగారూ. బతికి ఉండొచ్చు."

ఇంకొకరైతే నీ తప్పేం లేదు అనేవాళ్ళు. నేనే అయితే ఆ మాటకి ఒక కథ కూడా అల్లేవాణ్ణి.

లేవబోతూ బతిమాలాను. "సోమవారం మీరే పిల్లకి చెప్పండమ్మా. పరీక్షలో తేలిందని చెప్పండి. నా సంగతి ఎత్తకండి."

"పరీక్షలో తేలలేదు కదా, మీ నోట తేలింది. ఆ పిల్ల ఎంతో ఇష్టమైన ఈత మానుకోవాలి, రోజూ మాత్ర వేసుకోవాలి. ఎందుకని అడిగితే ఏం చూపించను? అబద్ధం చెప్పి మాత్ర మింగించలేను. మీరే చెప్పండి."

మా అమ్మాయి ఇంట్లో వంటగది బల్ల దగ్గర చెప్పాను. కప్ప ఈత కళ్ళద్దాల పట్టీ వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ వింది. మొదట చేప ఇంకా వస్తుందనుకుంది. పెదవుల మీద నవ్వు సిద్ధంగా పెట్టుకుంది. రాకపోయేసరికి అది మెల్లగా పోయింది.

"నువ్వు చప్పట్లు కొట్టావా?"

"కొట్టాను."

"నేను మునిగినప్పుడు కూడా మా జట్టువాళ్ళు నవ్వారు తాతా. ఆట పట్టిస్తున్నాననుకున్నారు. కోచ్ ఒక్కడే దూకాడు." పట్టీ వదిలేసింది. "నువ్వా కథ నాకు ఎన్నిసార్లు చెప్పావు? నేను ఎన్నిసార్లు నవ్వాను? నాచేత ఎందుకు నవ్వించావు?"

కళ్ళద్దాలు బల్ల మీదే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

మా అమ్మాయి పొయ్యి కట్టేసి, నా వైపు తిరక్కుండానే అంది. "నిన్న ఆవిడ అంతలా విడమర్చి అడిగింది, నాన్నా. నా బిడ్డ నీ పక్కనే కూర్చుని ఉంది. అప్పుడు కూడా నీకు..." అది తిట్టి ఉంటే బాగుండేది. మంచినీళ్ళ గ్లాసు నా ముందు పెట్టి వెళ్ళిపోయింది. ఆ నీళ్ళు నేను తాగలేదు.

సోమవారం డాక్టర్లు కూర్చున్నారు. నా రక్తం ఫలితం వచ్చేదాకా ఆ అక్షరాన్ని దొంగ అనలేమన్నారు గానీ, మా ఇంటి కథ విన్నాక కప్పకి ఆ రోజే మాత్రలు మొదలుపెట్టారు, ఈత ఆపించారు. మూడు వారాలకి ఆ అక్షరం నాలోనూ, మా అమ్మాయిలోనూ దొరికింది. గళ్ళ డాక్టరమ్మ నా చదరాన్ని, మా అమ్మాయి సున్నానీ, కప్ప సున్నానీ సగం సగం నలుపు చేసింది, రెండు ప్రతుల్లో ఒకదానిలో ఆ అక్షరం ఉందని గుర్తుగా. రక్తం ఇవ్వలేని ఇద్దరికీ, అంటే మా నాన్న చదరం పక్కన, మా చెల్లెలి సున్నా పక్కన నేను చెప్పిందే రాసింది. 'పరుగులో.' 'ఈదుతూ.' ఆ ఉమ్మడి పట్టికలోకి వెళ్ళింది అదే. ఇప్పుడు ముగ్గురం రోజూ మాత్ర వేసుకుంటాం. ఒక్కపూట కూడా మానకూడదు. దీనికి మాత్రలు బాగా పనిచేస్తాయని, పిల్ల గురించి భయపడక్కర్లేదని ఆవిడ చెప్పింది.

ఇరవయ్యో తారీఖున కప్ప గట్టు మీద కోచ్ పక్కన కూర్చుని వేరేవాళ్ళ టైములు చూసి రాసిందట. నేను వెళ్ళలేదు. ముఖం చెల్లలేదు.

దుకాణంలో ఇప్పుడు జిగురు ఆరేదాకా నిశ్శబ్దమే. కథ అడిగేవాళ్ళకి రేడియో పెడతాను. మొన్న కప్ప సైకిలు తోసుకుంటూ వచ్చింది. వెనక చక్రంలో గాలి ఉంది, కొంచెం తగ్గిందంతే. అయినా విప్పాను. తొట్టిలో ముంచాను. అది స్టూలు మీద కూర్చుని నీళ్ళనే చూస్తోంది.

"చెప్పు," అంది.

"ఏం చెప్పను?"

"తను ఎలా ఉండేది? చేప లేకుండా చెప్పు."

నోరు తెరిచాను. ఏమీ రాలేదు. ఇన్నేళ్ళుగా చేపని తలుపంతనుంచి బస్సంత పెంచాను. దాని మీసాల రంగు చెప్పమంటే చెప్పగలను. మా చెల్లెలి కళ్ళు ఎలా ఉండేవో చెప్పలేకపోయాను. రెండు ముక్కలు అల్లడం నాకు ఎంతసేపు? కప్పకి ఆ సంగతి తెలుసు. అందుకే కన్నార్పకుండా చూస్తోంది.

"నీళ్ళలోంచి రాగానే," అన్నాను ఆఖరికి, "జడని రెండు చేతులా పట్టి పిండేది. పిండి, ఆ తడి జడతో నా వీపు మీద కొట్టేది. మంటపుట్టేది."

"ఇంకా?"

"ఇంకా... గుర్తు రావడం లేదమ్మా."

కప్ప నవ్వలేదు. తొట్టిలోంచి ట్యూబు తనే తీసి, తుడిచి నా చేతికిచ్చింది.

"గుర్తు తెచ్చుకో. రేపు బడి వదిలాక వస్తాను. లేనిది ఒక్కటి కలిపినా నాకు తెలిసిపోతుంది."

సైకిలు ఎక్కకుండా, మెల్లగా తోసుకుంటూ వెళ్ళింది. వెనక చక్రం ట్యూబు నా చేతిలోనే ఉందని సందు మలుపు దాకా దానికీ గుర్తు రాలేదు, నాకూ గుర్తు రాలేదు.